మొహాల వెనక ఊరు

శ్రీశైలం జలాశయం నిండు మట్టం 885 అడుగులు. 1980ల మొదట్లో కృష్ణ నీళ్లు ఎగదన్నినప్పుడు కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో నదినానుకుని ఉన్న ఊళ్లెన్నో మునిగిపోయాయి. గుళ్లకు కాస్త మర్యాద దక్కింది. కూడలి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి ఊడదీసి అలంపురంలో మళ్లీ కట్టారు. సప్తనదుల సంగమేశ్వరుడు ఉన్నచోటే మునిగినా, వేసవిలో నీళ్లు తగ్గితే బయటపడతాడు. ఇళ్లను మోసేదెవరు? జనం దూలాలూ ద్వారబంధాలూ పీక్కుని గట్టెక్కారు. బట్టల మూటల మధ్య గోడ పటాలనూ తెచ్చుకున్నారు.

ఆ పటాల్లో మనం మొహాలే చూస్తాం. వాటి వెనక చూడమంటాను నేను. పాత పెళ్లి ఫొటో తీయండి. వధూవరుల వెనక పందిరి గుంజ, దాని పక్కన నాపరాళ్ల అరుగు, ఆ చివర మసగ్గా వీధి మలుపు. ఫొటోగ్రాఫరు వాటికోసం తీయలేదు, ఊరికే పడ్డాయి. ఇవాళ ఆ వీధికి మిగిలిన బొమ్మ అదొక్కటే కావచ్చు. అందుకే స్కాన్ చేసి అందంగా ఉండాలని అంచులు కత్తిరించేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఆ ఫొటోల గురించి ముసలాళ్లను అడగడంలోనూ ఒక ఒడుపుంది. "ఇదెవరు?" అంటే పేరు చెప్పి ఊరుకుంటారు. "అవ్వా, ఈ అరుగు ఎవరిది?" అనండి. "మా పెద్దమ్మోళ్లది నాయనా, పీర్ల పండక్కు గుండం దాని ముందరే తవ్వేటోళ్లు" అంటూ వీధి వీధంతా నడిపిస్తుంది. ఏ సంవత్సరమని అడిగితే తెల్లమొహం వేస్తారు. పుష్కరాలకు ముందా, తరవాతా అంటే ఠక్కున చెబుతారు. కృష్ణా పుష్కరాలు 1968లో, 1980లో వచ్చాయి కాబట్టి లెక్క మనం కట్టుకోవచ్చు. ఇద్దరు ముసలాళ్లు ఒక ఫొటో మీద కొట్లాడుకుంటే తీర్పు చెప్పకండి, రెండు మాటలూ రికార్డు చేసుకోండి.

ఊళ్ల సంగతులు ఇదివరకే రాసిపెట్టలేదా అంటే, సర్వే అధికారి మెకంజీ దొర కోసం కావలి సోదరులు, వారి మనుషులు పోగుచేసిన కైఫీయతులు, అంటే ఊళ్ల వృత్తాంతాలు, మనకున్నాయి. వాటిలో రాజులు, గుళ్లు, ఇనాములు, పొలిమేరలు దండిగా ఉంటాయి. ఎవరి అరుగు మీద ఎవరు కూర్చునేవారో వాటిలో వెతకడం దండగ.

ఇక పటం సంగతి. ఫొటో అద్దానికి అంటుకుపోయి ఉంటే బలవంతాన పీకొద్దు, అద్దంతోనే ఫొటో తీయాలి. స్కాన్ చేస్తే 600 డీపీఐకి తగ్గకుండా, వెనకవైపు కూడా. స్టూడియో ముద్రో, చేతిరాతో అక్కడే ఉంటుంది. పేర్లు రాయాలంటే మెత్తని పెన్సిల్‌తో, నొక్కకుండా. బాల్‌పెన్ గీత ముందువైపు మొహం మీద తేలుతుంది. లామినేషన్ జోలికి అసలే పోవద్దు. వాట్సాప్‌లో మామూలుగా పంపితే బొమ్మ కుదించుకుపోతుంది, డాక్యుమెంటుగా పంపాలి. 2009 అక్టోబరు వరదలో కర్నూలు మునిగినప్పుడు ఫొటోల ఆల్బములు కూడా బురదపాలయ్యాయి. తడిసిన ఫొటోలు ఒకదానికొకటి అంటుకుని ఎండిపోకముందే శుభ్రమైన నీళ్లలో మెల్లగా విడదీసి, బొమ్మ పైకి పెట్టి నీడలో బట్ట మీద ఆరబెడితే చాలావరకు దక్కుతాయి.

ఇంత చెప్పినా ఒక లోటు ఉంది. ఫొటోగ్రాఫరును పిలిపించే స్తోమత ఊళ్లో నాలుగిళ్లకే ఉండేది. మాలమాదిగ వాడల్లో ఎన్నో ఇళ్లకు పెద్దల ఫొటో అంటే రేషన్ కార్డుదో, ఓటరు కార్డుదో. వాటిలో వెనక ఊరుండదు, వట్టి గోడే. వాళ్ల దగ్గరికి ఫొటోలు అడుగుతూ వెళితే ఉత్త చేతులతో తిరిగొస్తాం. అక్కడ ఒక పెద్ద కాగితం పరిచి, పెద్దవాళ్లచేత వాడ గీయించాలి: బావి ఎక్కడ, ఎవరి ఇల్లు ఎవరి పక్కన, పొలానికి ఏ దారిన పోయేవారు, ఏ వీధిలోంచి పోనిచ్చేవారు కాదు. గీస్తున్నంతసేపూ ఫోన్‌లో మాట రికార్డవుతూ ఉండాలి. గీసినవాళ్ల పేరు, తేదీ అదే కాగితం మీద రాసి, ఒక నకలు వాళ్లింట్లోనే వదిలి రావాలి.