శాసన ప్రతిబింబములు: పత్రికలకుఁ బంపు విధము

శాసనములను బరిష్కరించి పరిశోధన పత్రికలకుఁ బంపువారు పాఠమునందుఁ జూపు శ్రద్ధలో సగమైనను బ్రతిబింబమునందుఁ జూపుట లేదు. చిత్రము వ్యాసమునకు భూషణమాత్ర మను భావమే దీనికిఁ గారణము. పాఠము పరిష్కర్త చెప్పు మాట. ప్రతిబింబము శిల చెప్పు సాక్ష్యము. సాక్ష్యమును వాది దిద్దుట న్యాయము కాదు.

నేఁడు బాపట్ల జిల్లాలోఁ జేరి, 2022 వఱకు గుంటూరు మండలములో నుండిన భట్టిప్రోలు స్తూపమునందు 1892వ సంవత్సరమున రీ దొరగారు ధాతుకరండములను బయల్పఱచిరి. వానిపైనున్న ప్రాకృత లేఖనములను, వియన్నా నగరమందలి బ్యూలరు పండితుఁడు 1894వ సంవత్సరమున వెలువడిన ఎపిగ్రాఫియా ఇండికా రెండవ సంపుటమునఁ బ్రకటించెను. అశోక లిపిలో దీర్ఘమును దెలుపు నడ్డగీటు ఈ కరండములపై హ్రస్వాకారమును దెలుపును. దీర్ఘమునకు ఆ గీటుతోఁ గూడ నొక చిన్న నిలువుగీటు చేరును. ఘ, జ, మ, ల, ష వర్ణముల రూపములును వేఱు. అశోక లిపికి మాత్రమే యలవాటుపడిన లేఖకుఁ డొకఁడు వీనిని గన్నులతోఁ జూచి వ్రాసియుండినచో, నిలువుగీటును ఉలి జాఱిన గుర్తని విడిచియుండును. అప్పుడు ఆంధ్రదేశ లిపి చరిత్రలో నొక ముఖ్యాంశము మనకుఁ దెలియకయే పోయెడిది.

కావుననే ఫ్లీటు మొదలగు పూర్వపరిష్కర్తలు చేయి సోఁకని యాంత్రిక ప్రతిబింబములకుఁ బట్టుపట్టిరి. శిలను గడిగి, తడి కాగితమును బఱచి, కుంచెతోఁ గొట్టి, మసి యద్దినచో నక్షరములు తెల్లగను, దక్కినది నల్లగను వచ్చును. శిలలోని పగులును దెల్లగనే వచ్చును. రావలసినదే, పగులేదియో గీటేదియో చదువరి తాను విచారించుకొనును.

మన పల్లెలలోఁ గొందఱు ఛాయాచిత్రము తీయుటకు ముందు అక్షరములలో సుద్ద నింపుచున్నారు. ఇది చాల హానికరము. సుద్ద పట్టిన వ్రేలు తాను చదివినదానినే నింపును గాని శిలలో నున్నదానిని గాదు. పిదప నా చిత్రమునే పాఠమునకుఁ బ్రమాణముగాఁ జూపుట, తన మాటకుఁ దానే సాక్షి యగుట. ప్రక్కనుండి యేటవాలుగా దీపము పట్టినచో సుద్ద యక్కఱయే లేదు.

అట్లని చేతిచిత్రమును దృణీకరింపరాదు. మెకంజీ దొరగారు 1816వ సంవత్సరము మొదలుకొని తమ చిత్రకారులచే నమరావతీ శిలలను వ్రాయించిరి. అందుఁ గొన్ని శిలలు పిమ్మట నశించెను. వానికి నేఁడా చిత్రములే దిక్కు. చేతిచిత్రమును జేతిచిత్రమని క్రింద వ్రాసి ప్రకటించిన దోషము లేదు. వీలైనచోట మసిముద్రను గూడఁ బ్రక్కన నుంచవలెను.

ఇఁక పంపు విషయము. పెక్కు పత్రికలు ఛాయాచిత్రమునకు అంగుళమునకు 300 చుక్కలను, రేఖాచిత్రమునకు 1000 చుక్కలను గోరుచున్నవి. ఈ లెక్క అచ్చుపడు పరిమాణమునకు వర్తించును. చిన్న చిత్రమును సాగఁదీసినచోఁ జుక్కల సంఖ్య పెరుగును గాని లేని గీటు పుట్టదు. జేపెగు రూపమునఁ గుదించినచో గీటుల యంచులయందు మఱకలు వచ్చును గనుక టిఫ్ రూపము మేలు. వెలుగునీడల సవరణ చిత్రమంతటికి నొక్క తీరుననే చేయవలెను. ఒక్క యక్షరమును మాత్రము తెలుపు చేయుట యంత్రముతో సుద్ద నింపుటయే. కొలబద్దను శిలప్రక్కనే పెట్టి చిత్రములో వచ్చునట్లు తీయవలెను. సగము పరిమాణ మని క్రింద వ్రాసిన మాట, పుట కొలఁత మాఱినంతనే యబద్ధ మగును.