తేల్చుకోలేకపోతే ‘ఎన్’ అనండి

లినక్స్ కెర్నల్‌ను సొంతంగా కంపైల్ చేసుకునేవాళ్లు ‘మేక్ మెనూకాన్ఫిగ్’ అని కొట్టగానే నీలం తెర మీద ప్రశ్నలు మొదలవుతాయి. ఈ ఆప్షన్‌ను కెర్నల్‌లోనే కలపాలా, మాడ్యూల్‌గా విడిగా ఉంచాలా, అసలు వద్దా? మొత్తం ఆప్షన్లు 10,000 పైమాటే. ఎటూ తోచనప్పుడు హెల్ప్‌లో కనిపించే నాలుగు ముక్కలే దిక్కు. అవి రాసే చేతులకు నా దండం.

మ్యాజిక్ సిస్‌ఆర్‌క్యూ అనే ఆప్షన్ కింద ఉన్న వివరణే చూడండి. సిస్టమ్ కుప్పకూలినా కాస్త పట్టు మీ చేతిలోనే ఉంటుందనీ, ఆల్ట్, ప్రింట్‌స్క్రీన్ మీటలు పట్టుకుని వేరే మీటలు నొక్కి, డిస్కుకు చేరాల్సిన డేటాను చేర్చి వెంటనే రీబూట్ చేయొచ్చనీ చెబుతుంది. ఇదేం చేస్తుందో నిజంగా తెలియకపోతే జోలికి పోవద్దనీ అంటుంది. అంతకన్నా ఏం కావాలి? కొన్ని డ్రైవర్ల కింద మాత్రం ‘ఫలానా చిప్‌కు సపోర్ట్’ అని తేల్చేస్తారు. ఆ చిప్ తన ల్యాప్‌టాప్‌లో ఉందో లేదో తెలియకే కదా మనిషి హెల్ప్ తెరిచింది!

చాలా వివరణల చివర ‘తేల్చుకోలేకపోతే ఎన్ (అంటే ‘నో’) అనండి’ అని ఉంటుంది. తాను రాసిన కోడ్‌నే అక్కర్లేకపోతే వదిలేయమనడానికి పెద్ద మనసుండాలి.

వివరణ మరీ పొట్టిగా ఉంటే కెర్నల్‌కు పంపే మార్పులను తనిఖీ చేసే చెక్‌ప్యాచ్ స్క్రిప్టు గొణుగుతుంది. దానికి వరుసలు లెక్కపెట్టడమే వచ్చు. అర్థమయ్యేలా ఉందో లేదో ఆ కోడ్ బాధ్యత చూసుకునే మెయింటెయినర్ చదివి చూడాల్సిందే.