కంచ రికార్డులో లేనివాళ్లు

విశ్వవిద్యాలయం పెరిగిందని చెప్పడానికి మన మేధావులు లెక్కలు చూపుతారు: ఎన్ని ఎకరాలు, ఎన్ని డిపార్ట్‌మెంట్లు, ఎన్ని పరిశోధనా పత్రాలు. ఎవరి మధ్య పెరిగింది, ఎవరిని పక్కకు జరిపి పెరిగింది అన్న ప్రశ్న ఆ లెక్కల్లోకి రాదు. ఈ మధ్య వాటికి 'సమాజంతో అనుసంధానం' అన్న మాట కూడా తోడైంది. ఆ మాటను హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ నేల మీద నిలబెట్టి చూద్దామన్నదే మా ప్రయత్నం.

ఆరు సూత్రాల పథకంలో భాగంగా 1974లో పార్లమెంటు చట్టంతో ఇది పుట్టింది. మొదట అబిడ్స్‌లో సరోజినీ నాయుడు ఇంట్లో నడిచింది. తర్వాత గచ్చిబౌలిలో 2300 ఎకరాల పైచిలుకు భూమి చూపించారు. ఖాళీ భూమి అన్నారు. ఖాళీ అన్నది ఎప్పుడూ పాలకుల మాటే.

ఆ నేల పేరు కంచ గచ్చిబౌలి. కంచ అంటే ఏమిటో తెలంగాణ పల్లెలో ఎవర్నడిగినా చెప్తారు, పశువులు మేసే బీడు. రెవెన్యూ రికార్డులో దాన్ని 'కంచ అస్తబల్ పోరంబోకు సర్కారీ' అని రాశారు. అస్తబల్ అంటే గుర్రపుశాల. అంటే రికార్డులో దొరవారి గుర్రానికి చోటుంది, వాడలోని బర్రెకు లేదు. తమాషా ఏమిటంటే, క్యాంపస్‌లో ఒక చెరువుని ఇవాళ్టికీ 'బఫెలో లేక్' అనే పిలుస్తారు. కాగితం దాచిపెట్టినదాన్ని చెరువు పేరు బయటపెట్టింది. బర్రెలు వాటంతటవే రావు గదా, వెనకాల కర్ర పట్టుకుని ఎవరో ఒకరు ఉండే ఉంటారు.

అందులో 400 ఎకరాలను 2003లో అప్పటి ప్రభుత్వం ఒక క్రీడా కంపెనీకి కేటాయించింది, 2006లో తర్వాతి ప్రభుత్వం రద్దు చేసింది. కోర్టుల్లో ఏళ్ల తరబడి నలిగి 2024లో తీర్పు ప్రభుత్వ పక్షాన వచ్చింది. 2025 మార్చి చివర్లో రాత్రింబవళ్లు బుల్డోజర్లు నడిచాయి. విద్యార్థుల్ని పోలీసులు ఈడ్చుకెళ్లారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపమంది. మేము విద్యార్థుల పక్షమే, ఆ చెట్లు నరకొద్దనే ఇప్పటికీ అంటాం. కానీ ఆ రోజుల్లో సాగిన చర్చంతా రెండు గీతల మధ్యే తిరిగింది. ఒకటి, యజమాని సర్కారా యూనివర్సిటీయా. రెండోది, జింకలు, నెమళ్లు, రాళ్లు. ఈ రెంటి మధ్యా కంచను కంచగా వాడుకున్న మనుషులు మాయమైపోయారు. నెమలికి దొరికిన సానుభూతి బర్రెలు కాసినోడికి దొరకలేదంటే అది జ్ఞాపకలోపం కాదు. పర్యావరణం పేరుతో మాట్లాడినా సరే, ఎవరి చూపుతో చూస్తున్నామన్నది కులమే నిర్ణయిస్తోంది.

ఇక అనుసంధానం సంగతి. 2014లో మొదలైన ఉన్నత్ భారత్ అభియాన్ కింద విద్యాసంస్థలు పల్లెల్ని 'దత్తత' తీసుకోవాలి. దత్తత అన్న మాటలోనే అసలు సంగతి ఉంది. పిల్లల్ని గదా దత్తత తీసుకునేది! పెద్దమనుషులు తమ భూమి మీద కట్టిన గోడల వెనక నుంచి వచ్చిన సంస్థకి తాము బిడ్డలైపోవాలన్న మాట. సర్వే ఫారం పట్టుకుని వాడకు వెళ్లడం, ఫోటో దిగడం, రిపోర్టు పంపడం. దీన్ని అనుసంధానం అనడానికి మాకు నోరు రాదు.

నిజమైన అనుసంధానం ఎప్పుడో మొదలైంది, దానికి పథకం అక్కర్లేకపోయింది. రిజర్వేషన్ పుణ్యమా అని వాడ బిడ్డలు గేటు దాటి లోపలికొచ్చారు. 1993లో అంబేద్కర్ స్టూడెంట్స్ అసోసియేషన్ పెట్టుకున్నారు. సమాజం తన కాళ్ల మీద నడిచి విశ్వవిద్యాలయంలోకి వచ్చిన సందర్భం అది. దానికి దక్కిన స్వాగతం ఏమిటి? 2008లో సెంథిల్ కుమార్‌ను పోగొట్టుకున్నాం. 2015 డిసెంబరులో అయిదుగురు దళిత పరిశోధకుల్ని హాస్టల్ నుంచి, ఉమ్మడి స్థలాల నుంచి బహిష్కరించారు. వాళ్లు ఆరుబయట గుడారం వేసి దానికి 'వెలివాడ' అని పేరు పెట్టారు. 2016 జనవరి 17న రోహిత్ వేముల మనకు లేకుండా పోయాడు. ఊరికి అవతల వాడ ఉన్నట్టే 2300 ఎకరాల లోపల కూడా వాడ ఉందని ఆ పేరు చెప్పింది. ఏ సమాజశాస్త్ర పత్రమూ చెప్పలేనంత సూటిగా చెప్పింది.

కాబట్టి యూనివర్సిటీ చరిత్ర రాసేవాళ్లు చట్టం దగ్గర, శంకుస్థాపన దగ్గర మొదలెట్టకండి. గోపనపల్లి, నల్లగండ్ల, గచ్చిబౌలి వాడలకు వెళ్లి, ఆ కంచలో పశువులు మేపిన ముసలివాళ్లు బతికుండగానే వాళ్ల మాట రాసుకోండి. ఏ గుట్టకి ఏ పేరు, ఏ చెలిమలో నీళ్లు తాగేవాళ్లు, గోడ ఏ ఏడు లేచింది, ఆ రోజు వాళ్లతో ఎవరు మాట్లాడారు.