రుమికో తకహాషి కథలు తెరపై: కాలమే కొలమానం

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• ధారావాహిక బొమ్మల కథకూ, యానిమేషన్‌కూ కాలం విషయంలో ఉన్న భేదాన్ని వివరించగలుగుతారు.
• రుమికో తకహాషి రచనలకు వచ్చిన నాలుగు ముఖ్యమైన యానిమేషన్ అనుసరణలను పోల్చి చూడగలుగుతారు.
• అనుసరణను 'మూలవిధేయత' అనే ఒక్క ప్రమాణంతో ఎందుకు తూచకూడదో చర్చించగలుగుతారు.

1. పరిచయం

ఒక పుస్తకం సినిమాగా వచ్చినప్పుడు మనం మొదట అడిగే ప్రశ్న ఒకటే: 'పుస్తకంలో ఉన్నట్టు తీశారా, మార్చారా?' ఇది తప్పు ప్రశ్న కాదు, చాలని ప్రశ్న. దానికి జవాబు చెప్పగానే విమర్శ అయిపోయిందనుకుంటాం. నిజానికి విమర్శ అక్కడే మొదలవుతుంది. మార్చితే ఎందుకు మార్చారు? మార్చకపోతే కొత్త మాధ్యమంలో ఆ కథ బతికిందా? ఈ పాఠంలో ఆ రెండు ప్రశ్నలకూ ఒకే రచయిత్రి కథల ఆధారంగా జవాబు వెతుకుదాం.

జపాన్‌లో బొమ్మల కథను 'మాంగా' అంటారు. యానిమేషన్ చిత్రాలనూ ధారావాహికలనూ 'అనిమే' అంటారు. రుమికో తకహాషి 1957లో నీగాతాలో జన్మించారు. 1978లో 'షోనెన్ సండే' వారపత్రికలో 'ఉరుసెయ్ యత్సురా' ధారావాహిక ప్రారంభించారు. తరువాత 'మెజోన్ ఇక్కొకు' (1980-87), 'రన్మా ½' (1987-96), 'ఇనుయాషా' (1996-2008) వచ్చాయి. ఇవన్నీ అనిమేలయ్యాయి. 2019లో ఫ్రాన్స్‌లోని అంగులేమ్ బొమ్మల కథల ఉత్సవం ఆమెకు గ్రాంప్రీ ఇచ్చి గౌరవించింది. నాలుగు దశాబ్దాలకు పైగా వేర్వేరు దర్శకులు, వేర్వేరు సంస్థలు ఒకే రచయిత్రిని తెరకెక్కిస్తూ వచ్చారు కనుక అనుసరణను అధ్యయనం చేయడానికి ఇంతకంటే అనువైన ఉదాహరణ దొరకడం కష్టం.

2. పుటలోని కాలం, తెరమీది కాలం

బొమ్మల కథలో కాలం పాఠకుడి చేతిలో ఉంటుంది. ఒక గడి దగ్గర ఎంతసేపైనా ఆగవచ్చు, వెనక్కు తిరగవచ్చు, పుట తిప్పకుండా నవ్వుకోవచ్చు. తెరమీద ఆ అధికారం దర్శకుడికి పోతుంది. తకహాషి పాత్రలు ఆశ్చర్యపోయినప్పుడు చేతివేళ్ళు విచిత్రమైన ముద్రలో పెట్టి వెల్లకిలా పడిపోతాయి. కాగితం మీద అది కదలని బొమ్మ. దాన్ని ఎన్ని క్షణాలు చూడాలో మనమే నిర్ణయించుకుంటాం. అనిమేలో అది అర సెకను ఉండాలా, రెండు సెకన్లా అన్నది ఎవరో ముందే తేల్చాలి. ఆ లెక్క తప్పితే హాస్యం పండదు.

దీనికి తోడు ధారావాహికకు మరో కాలం ఉంది. వారం వారం వచ్చే హాస్యకథలో పాత్రలకు వయసు పెరగదు. చందమామ చదివిన వారికి ఇది కొత్త కాదు. విక్రమార్కుడు నెలనెలా చెట్టెక్కి శవాన్ని దించుతూనే ఉంటాడు, మౌనం వీడగానే బేతాళుడు మళ్ళీ చెట్టెక్కుతూనే ఉంటాడు. కథ ముందుకు సాగకపోవడమే ఆ రూపం పెట్టుకున్న నియమం. 'ఉరుసెయ్ యత్సురా' కూడా అలాంటిదే. రాక్షసజాతికి చెందిన గ్రహాంతర యువతి లమ్, ఆడపిల్లల వెంటపడే దురదృష్టవంతుడైన విద్యార్థి అతరు. అతను మరో అమ్మాయిని ఉద్దేశించి పెళ్ళి మాట అంటే అది తనకే అన్నాడనుకుని లమ్ అతని ఇంట్లోనే ఉండిపోతుంది. ఎన్ని వసంతాలు వచ్చినా వాళ్ళు అదే తరగతిలో ఉంటారు.

ఈ రెండు కాలాలను అనుసరణ ఎలా పట్టించుకుంది? మన పరిశీలనకు ఇదే కొలమానం.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - 1
బొమ్మల కథ చదివే వారికీ, అనిమే చూసే వారికీ కాలంపై ఉండే అధికారంలో భేదం ఏమిటి? మీకు తెలిసిన ఒక తెలుగు బొమ్మల కథను ఉదాహరణగా తీసుకుని నాలుగు వాక్యాలు రాయండి.

3. ఆగిన కాలాన్ని ప్రశ్నించిన చిత్రం: 'బ్యూటిఫుల్ డ్రీమర్'

'ఉరుసెయ్ యత్సురా' 1981 అక్టోబరులో ఫుజి టీవీలో ప్రారంభమై 1986 మార్చి వరకు నడిచింది. మమోరు ఒషీ 1984 వరకు ప్రధాన దర్శకుడు. ఈ అనిమే మూలానికి ఇచ్చిన కానుకలు తక్కువేమీ కావు. లమ్ వాక్యాల చివర పలికే 'చ్చా' అనే విరుపు కాగితం మీద అక్షరమే. ఫూమి హిరానో గొంతులో అది ఒక మనిషి ఉనికి అయింది.

1984 ఫిబ్రవరిలో ఒషీ రచన, దర్శకత్వంలో వచ్చిన 'బ్యూటిఫుల్ డ్రీమర్' ఈ ధారావాహికకు రెండవ చలనచిత్రం. పాఠశాల వేడుకకు ముందురోజు. విద్యార్థులు రాత్రంతా మేలుకుని ఏర్పాట్లు చేస్తున్నారు. కానీ తెల్లవారితే మళ్ళీ వేడుకకు ముందురోజే. వేడుక రోజు రాదు. ఈ సంగతి మొదట ఒక ఉపాధ్యాయుడు గ్రహిస్తాడు, తరువాత కనిపించకుండా పోతాడు. క్రమంగా ఊరంతా నిర్మానుష్యమవుతుంది. విమానంలో పైకెగిరి చూస్తే ఊరు ఒక పెద్ద తాబేలు వీపు మీద శూన్యంలో తేలుతూ ఉంటుంది. ఇదంతా లమ్ కల. తనకు ఇష్టమైన వారందరితో ఎప్పటికీ ఇలాగే ఉండాలన్న ఆమె కోరికను ముజాకి అనే స్వప్నపిశాచం నిజం చేసింది.

తాబేలు వెనుక జపాన్ జానపద కథ ఉంది. ఉరాషిమా తారో అనే జాలరి తాబేలును కాపాడి సముద్రగర్భంలోని నాగరాజు కోటకు వెళతాడు. కొద్దిరోజులే ఉన్నాననుకుని తిరిగొస్తే భూమిమీద తరాలు గడిచిపోయి ఉంటాయి. భాగవతంలో కూతురు రేవతిని వెంటబెట్టుకుని బ్రహ్మలోకం వెళ్ళి, కాసేపు గానం విని తిరిగొచ్చేసరికి 27 చతుర్యుగాలు గడిచిపోయిన కకుద్మి కథ మీకు గుర్తు రావాలి. ఆ రెండు కథల్లోనూ వెళ్ళినవాడు నష్టపోయిన కాలాన్ని తిరిగొచ్చాక తెలుసుకుంటాడు. చిత్రంలో ఒక టాక్సీ డ్రైవర్ వేరే ప్రశ్న వేస్తాడు: తారో ఒక్కడే కాక ఊరంతా తాబేలు వెంట వెళ్ళి ఉంటే? అందరూ వెళితే కాలం పోయిందని చెప్పేవాడే మిగలడు. వారం వారం నడిచే హాస్యకథ పరిస్థితి సరిగ్గా ఇదే. చదివేవాళ్ళు, రాసేవాళ్ళు, పాత్రలు అందరూ ఆ తాబేలు వీపు మీదే ఉన్నారు.

మూలంలో ఎక్కడా లేని ఈ కథ మూలం రూపనియమాన్నే తన కథావస్తువు చేసుకుంది. అందుకే దీన్ని 'మార్చేశారు' అని ఒక్కమాటలో కొట్టిపారేయలేం. తకహాషి చెప్పకుండా పాటించిన నియమాన్ని ఒషీ బయటపెట్టి, 'దీని వెల ఎంత?' అని అడిగాడు.

అయితే ఈ చిత్రానికి మూల్యం కూడా ఉంది, మెచ్చుకునే విమర్శకులు దాన్ని తరచు దాటవేస్తారు. తకహాషి కథల్లో లమ్ కోరిక ఎవరూ విప్పిచూపవలసిన సమస్య కాదు. ఆమె కోరుకుంటుంది, కోపగిస్తుంది, మెరుపులు కురిపిస్తుంది, కథను తానే నడిపిస్తుంది. చిత్రంలో లమ్ తన కల గురించి తాను ఆలోచించదు. ఆమె కలలో ఏముందో సకురా, ముజాకి, అతరు తేలుస్తారు. కథకు కర్త అయిన స్త్రీ ఇక్కడ ఇతరులు విప్పే చిక్కుముడి అయింది. నా అభిప్రాయంలో ఈ చిత్రం గొప్పదే, కానీ లమ్‌కు న్యాయం చేసిన చిత్రం కాదు. ఈ రెండు మాటలూ ఒకేసారి అనగలగడం విమర్శకుడు నేర్చుకోవలసిన పని.

4. కాలాన్ని నడవనిచ్చిన ధారావాహిక: 'మెజోన్ ఇక్కొకు'

అదే సమయంలో తకహాషి మరో పత్రికలో దీనికి పూర్తిగా భిన్నమైన కథ రాస్తూ వచ్చారు. 'బిగ్ కామిక్ స్పిరిట్స్' పెద్దల పత్రిక. 'మెజోన్ ఇక్కొకు' ఒక పాత అద్దె ఇల్లు. అక్కడ ఉండే గొదాయ్ విశ్వవిద్యాలయ ప్రవేశపరీక్ష తప్పిన యువకుడు. ఆ ఇంటి బాగోగులు చూడటానికి వచ్చిన క్యోకో చిన్నవయసులోనే భర్తను పోగొట్టుకున్న స్త్రీ. తన కుక్కను చనిపోయిన భర్త పేరుతో సోయిచిరో అని పిలుస్తుంది. ఇక్కడ కాలం ఆగదు. గొదాయ్ పరీక్ష గట్టెక్కుతాడు, ఉద్యోగం కోసం తిరుగుతాడు, పెళ్ళి చేసుకుంటాడు, తండ్రి అవుతాడు.

1986 మార్చిలో 'ఉరుసెయ్ యత్సురా' ముగిసిన వెంటనే అదే ఛానెల్‌లో ఈ అనిమే మొదలై 1988 మార్చి వరకు 96 భాగాలు నడిచింది. ఒషీలాగా దర్శకులు ఇక్కడ మూలాన్ని ఎదిరించలేదు. అయినా ఇది నకలు కాదు. ఏడేళ్ళ పాటు పత్రికలో సాగిన కథను రెండేళ్ళలో చెప్పవలసి వచ్చింది. ఆ ఒత్తిడిలో కూడా వాకిలి ఊడుస్తున్న క్యోకోను, వానను, మంచును, ఖాళీ మెట్లను తొందరపడకుండా చూపించారు. ఏమీ జరగని ఈ క్షణాలే ప్రేక్షకుడికి కాలం గడుస్తోందని తెలిపాయి.

ఒక చిన్న ఉదాహరణ గమనించండి. చనిపోయిన భర్త ముఖం మాంగాలో ఎక్కడా స్పష్టంగా కనిపించదు. కాగితం మీద ఇది సులువు. కదిలే బొమ్మలో ఒక మనిషిని చూపిస్తూ ముఖం దాచడం కష్టం, కృత్రిమంగా కనిపించే ప్రమాదమూ ఉంది. అనిమే ఆ కష్టానికి ఒప్పుకుంది. ఎందుకంటే ముఖం చూపిస్తే ప్రేక్షకుడు గొదాయ్‌తో అతన్ని పోల్చడం మొదలుపెడతాడు. ముఖం లేకపోతే అతను ఒక ప్రత్యర్థిగా కాక, క్యోకో మోస్తున్న గతంగా మిగులుతాడు. చివర్లో గొదాయ్ సమాధి ముందు నిలబడి క్యోకోను ఆమె గతంతో సహా స్వీకరిస్తున్నానని చెప్పే దృశ్యం మనసును తాకేది ఆ నిగ్రహం వల్లనే. విధేయత అంటే గీతను గీతగా దించడం కాదు, ఆ గీత అలా ఎందుకు ఉందో తెలుసుకుని దాని పని కొత్త మాధ్యమంలో జరిగేట్టు చూడటం.

5. కాలంతో పరుగు: 'ఇనుయాషా'

మూడవ ఉదాహరణలో శత్రువు గడియారమే. నేటి బాలిక కగోమె బావిలోంచి యుద్ధకాలపు జపాన్‌కు వెళ్ళి సగం మనిషి, సగం రాక్షసుడైన ఇనుయాషాను కలిసే ఈ సాహసగాథను సన్‌రైజ్ సంస్థ 2000 అక్టోబరులో ప్రారంభించింది. మాంగా అప్పటికింకా నడుస్తోంది. టెలివిజన్ వేగానికి మూలం చాలలేదు. మధ్యలో సొంత కథలు చేర్చారు. 167 భాగాల తరువాత 2004 సెప్టెంబరులో ప్రధానశత్రువు నరకు బతికి ఉండగానే ధారావాహిక ఆగిపోయింది. 56 సంపుటాల మాంగా 2008లో ముగిశాక, 2009 అక్టోబరు నుంచి 26 భాగాల 'చివరి అంకం' వచ్చింది.

లెక్క చూడండి. మొదటి 35 సంపుటాలకు 167 భాగాలు, మిగిలిన 21 సంపుటాలకు 26 భాగాలు. ఫలితం ఏమిటి? నరకు పట్టులోంచి విడుదల కోసం ఎదురుచూసిన గాలిమంత్రగత్తె కగురా 'చివరి అంకం' రెండవ భాగంలోనే మరణిస్తుంది. దృశ్యం అందంగానే ఉంది. పూలమైదానం ఉంది, గాలి ఉంది. కానీ అయిదేళ్ళ విరామం తరువాత వచ్చిన ప్రేక్షకుడికి ఆమె ఆకాంక్షను మళ్ళీ గుర్తుచేసే వ్యవధి ఇవ్వలేదు. మాంగాలోని సంఘటనలన్నీ ఉన్నాయి, వాటి బరువు లేదు. మూలంలో ఉన్నది ఉన్నట్టు చెప్పి కూడా మూలానికి అన్యాయం చేయవచ్చునని ఇది నిరూపిస్తుంది.

6. ముగింపు తెలిసిన పునరనుసరణ

2022 అక్టోబరు నుంచి 2024 జూన్ వరకు డేవిడ్ ప్రొడక్షన్ సంస్థ 'ఉరుసెయ్ యత్సురా'ను మళ్ళీ 46 భాగాల్లో తీసింది. పాత అనిమే 190కి పైగా భాగాలు నడిచినా మాంగా ముగియకముందే ఆగిపోయింది. మాంగాలోని చివరి కథ ఆ తరువాత, 1988లో ఒక చిత్రంగా వచ్చింది. కొత్త బృందానికి 34 సంపుటాలూ చేతిలో ఉన్నాయి. కథలను ఏరి, మొదటి కథలో లమ్ కొమ్ములు పట్టుకోవడానికి పదిరోజులు సాగిన ఆటనూ, చివరి కథలో మళ్ళీ వచ్చే అదే ఆటనూ రెండు కొనలుగా నిలిపింది. చివరి ఆట గెలవడానికి అతరు ప్రేమిస్తున్నానని ఒక్క మాట అంటే చాలు. అతను అనడు. అనకుండానే ఆమెకు తెలుస్తుంది.

కొత్త అనిమేలో ఒషీ సాహసం లేదు. అయినా ఒషీ ప్రశ్నకు తకహాషి స్వయంగా ఇచ్చిన జవాబును అది మన ముందు ఉంచింది. ఆ ఆట ముగియకపోవడం పలాయనం కాదు, వాళ్ళిద్దరూ ఎంచుకున్న జీవనవిధానం. 'బ్యూటిఫుల్ డ్రీమర్'లో అది మేలుకోవలసిన కల. మూలంలో అది మేలుకుని ఉండగా ఆడే ఆట. ఈ రెండింటిలో ఏది మీకు సమ్మతమో మీరే ఆలోచించండి. విమర్శలో ఇలాంటి ప్రశ్నకు మార్కులు జవాబుకు కాదు, చూపిన ఆధారానికి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - 2
సంఘటనలన్నీ మూలంలో ఉన్నట్టే చూపినా అనుసరణ విఫలం కావచ్చు. ఈ వాక్యాన్ని 'ఇనుయాషా' ఆధారంగా సమర్థించండి.

7. సారాంశం

తకహాషి కథల అనుసరణలను కాలం అనే కొలమానంతో చూశాం. 'బ్యూటిఫుల్ డ్రీమర్' మూలాన్ని దాటి దాని నియమాన్ని ప్రశ్నించింది, ఆ క్రమంలో నాయిక స్వరాన్ని తగ్గించింది. 'మెజోన్ ఇక్కొకు' మూలం ఉద్దేశాన్ని గ్రహించి కాలాన్ని నడవనిచ్చింది. 'ఇనుయాషా' ప్రసార వేగానికి లోబడి, ఆపై ముగింపు కోసం పరుగుతీసింది. కొత్త 'ఉరుసెయ్ యత్సురా' ఎంపిక ద్వారా కథకు ఒక ఆకారం ఇచ్చింది. కాబట్టి అనుసరణను పరిశీలించేటప్పుడు 'ఏమి మారింది' అన్న ప్రశ్న తరువాత 'మూలంలో ఆ అంశం చేసిన పని ఇక్కడ ఎవరు చేస్తున్నారు' అన్న ప్రశ్న తప్పక వేసుకోవాలి.

8. మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. వ్యాసరూప ప్రశ్నలు
1. 'బ్యూటిఫుల్ డ్రీమర్' సాధించినదేమిటి, కోల్పోయినదేమిటి? సోదాహరణంగా చర్చించండి.
2. 'మెజోన్ ఇక్కొకు', 'ఇనుయాషా' అనుసరణలలో కాలనిర్వహణను పోల్చండి.

II. సంగ్రహరూప ప్రశ్నలు
1. ఉరాషిమా తారో కథకూ, కకుద్మి కథకూ ఉన్న పోలికను తెలపండి.
2. సోయిచిరో ముఖం చూపకపోవడంలోని ఔచిత్యం ఏమిటి?

III. అభ్యాసం
మీరు చదివిన ఒక తెలుగు నవలను, దాని సినిమా రూపాన్ని తీసుకోండి. నవలలో ఏళ్ళు గడిచిన ఒక ఘట్టాన్ని సినిమా ఎలా చూపిందో ఒక పుటకు మించకుండా రాయండి.