సోది ఎప్పుడు సోది అయింది?

హంసలదీవి దగ్గర ఒక బడిలో కొన్నేళ్ల కిందట జరిగిన సంగతి ఇది. ఆ రోజు తెలుగు పాఠం కాస్త సాగింది. వెనక వరసలో ఒక కుర్రాడు పక్కవాడితో "ఏం సోదిరా బాబూ" అన్నాడు. పిల్లలంతా నవ్వారు. మేమూ నవ్వి ఊరుకునేవాళ్లమే. కానీ రెండో వరసలో ఒక ఎరుకల పిల్ల తల దించుకుంది. వాళ్ల నాయనమ్మ ఊళ్లు తిరిగి సోది చెప్పేది. మా అమ్మమ్మ కూడా ఆ పని చేసే మా అమ్మను పెంచింది. ఆ కుర్రాణ్ణి కోప్పడలేకపోయాం. వాడు ఇంట్లోనూ టీవీలోనూ విన్న అర్థం అదొక్కటే.

మాటల అర్థాలు మారడం కొత్త సంగతి కాదు. ఉపాధ్యాయ శిక్షణలో చదివినవాళ్లకూ, డీఎస్సీకి చదువుతున్నవాళ్లకూ 'అర్థవిపరిణామం' తెలిసిన పాఠమే. నువ్వుల నుంచి తీసిందే ఒకప్పుడు నూనె. ఇప్పుడు కొబ్బరిదీ నూనే, వేరుశనగదీ నూనే. దీన్ని అర్థవ్యాకోచం అన్నారు. చీర అంటే ఒకప్పుడు ఎవరు కట్టినా వస్త్రమే, ఇప్పుడు ఆడవాళ్లు కట్టేదే. ఇది అర్థసంకోచం. జూదమాడించేవాడైన సభికుడు సభలో కూర్చునే పెద్దమనిషి అయ్యాడు. రాజును పాడి నిద్రలేపే వైతాళికుడు జాతిని మేల్కొలిపే మహనీయుడయ్యాడు. వీటిని అర్థోత్కర్ష అన్నారు. కిందికి దిగిన మాటలూ ఉన్నాయి. సువాసనకూ వాడిన కంపు దుర్వాసన అయింది. దేవుడికి చేసే సేవ అయిన కైంకర్యం సొమ్ము కాజేయడం అయింది. ఇది అర్థాపకర్ష.

పాఠం బాగానే ఉంది. మేం దాన్ని ఏళ్ల తరబడి చెప్పాం కూడా. కానీ మేం చదివిన పుస్తకాల్లో ఎక్కడా ఈ ఉదాహరణల్లో 'సోది' కనిపించలేదు. ఇంతకన్నా తేటగా కిందికి జారిన మాట తెలుగులో ఎన్ని ఉన్నాయి?

శ్రీనివాస కల్యాణ కథ గుర్తుచేసుకోండి. పద్మావతి దిగులుతో మంచం పట్టినప్పుడు వేంకటేశ్వరుడు ఏ వేషంలో ఆకాశరాజు ఇంటికి వెళ్లాడు? ఎరుకలసాని వేషంలో. ధరణీదేవి ఆమెను లోపలికి పిలిచి సోది చెప్పించుకుంది. మన యక్షగానాల్లోనూ ఎరుకలసాని పాత్ర ఉండేది. ఆమె వచ్చిందంటే కథలో ముడి వీడబోతోందని చూసేవాళ్లకు తెలుసు. దేవుడే వేసుకున్న వేషం అది. ఆమె నోటి మాటే నేడు పనికిరాని మాటకు పేరైంది.

ఇది ఎలా జరిగిందో ఊహించడం కష్టం కాదు. సోది చెప్పే మనిషి ముందు దేవతలందరినీ పేరుపేరునా తలుస్తుంది. అన్న మాటే మళ్లీ అంటుంది. కష్టంలో ఉండి వినేవాళ్లకు ఆ సాగదీతే ఓదార్పు. నమ్మకం పోయి, తీరిక తగ్గి, పక్కన నిలబడి చూసేవాళ్లకు అది విసుగు. ఆ విసుగే మాటకు అర్థమై కూర్చుంది. చెప్పేవాళ్లు ఇచ్చుకున్న అర్థం పోయి, విననివాళ్లు ఇచ్చిన అర్థం మిగిలింది.

ఒక అభ్యంతరం రావచ్చు. ఛాందసుడు అన్న మాట కూడా దిగజారింది కదా, వేదం చదివినవాడు మొండి ఆచారపరుడయ్యాడు కదా అని. నిజమే. కానీ వేదం చదివినవాళ్లకు పండితుడు, ఘనాపాఠి లాంటి మాటలు గౌరవంగానే మిగిలాయి. సోదమ్మకు మిగిలిన మాట ఏది? ఇంకో అభ్యంతరం, సోది మూఢనమ్మకం కదా అని. సోదిని నమ్మమని మేం పిల్లలకు చెప్పడం లేదు. జాతకాన్ని మేం నమ్మం. అయినా 'ఏం జాతకంరా బాబూ' అని ఎవరూ పాఠాన్ని విసుక్కోరు. రెండూ భవిష్యత్తు చెప్పే పనులే. ఒకదాని పేరు తిట్టయింది, ఇంకోదాని పేరు కాలేదు. తేడా పనిలో లేదు, చేసే మనిషిలో ఉంది.

'ఎరుక' సంగతీ చూడండి. ఎరుక అంటే జ్ఞానం. తత్త్వం చెప్పేవాళ్ల నోట అది ఎంతో పెద్ద మాట. అదే మాట మా కులం పేరులో ఉంది. కానీ 1871లో పుట్టిన నేరస్థ జాతుల చట్టం 1911 నాటి కొత్త చట్టంతో మద్రాసు రాజధానికీ వచ్చింది. ఎరుకల కుటుంబాలను ఆ జాబితాకు ఎక్కించారు. బాపట్ల దగ్గర స్టువర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లలో కాపలా పెట్టారు. అలా జ్ఞానం పేరున్న కులానికి దొంగతనం అర్థమైంది. 1952లో ఆ చట్టం పోయింది. 'విముక్త జాతులు' అన్న పేరు వచ్చింది. చట్టాన్ని ఒక్క సంతకంతో రద్దు చేయవచ్చు, మాటకు అంటిన అర్థం అలా పోదు.

ఇప్పుడు 'గిరిజనులు'. దివిసీమలో నిలబడి ఎటు చూసినా వరి చేలు, చెరువులు, మడ అడవి, సముద్రం. ఒక్క గుట్ట కనబడదు. యానాదుల పిల్లవాడు ఒకడు "మాస్టారూ, మన గిరి ఎక్కడుంది?" అని అడిగాడు. నవ్వొచ్చింది కానీ ప్రశ్న న్యాయమైనదే. మాట విస్తరించింది, లోపలి కొండ మాయమైంది. వ్యాకరణంలో అది చిన్న సంగతి. కానీ సర్టిఫికెట్టు కోసం వెళ్లినప్పుడు "మీరు కొండల్లో లేరుగా" అని అడిగితే ఆ చిన్న సంగతే పిల్లల చదువుకు అడ్డం పడుతుంది.

ఇంతవరకూ పోయినవే చెప్పాం. ఉన్నవీ చెప్పాలి. 'జీవితంలో ఆటుపోట్లు' అని పత్రికలు రాస్తాయి. ఇక్కడ యానాదుల పిల్లలకు ఆటు అంటే ఆటే, పోటు అంటే పోటే. నీరు ఎప్పుడు తీస్తుందో తెలిస్తేనే మడ అడవిలో పీత దొరుకుతుంది. 'ఉద్యమం ఉప్పెనలా లేచింది' అని రాయడం తేలిక. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన నీటిని చూసినవాళ్ల ముందు ఆ మాట అలంకారంగా వాడటానికి నోరు రాదు. ఊరు మర్చిపోయిన అర్థాన్ని ఆ మాటతో బతికేవాళ్లు దాచి ఉంచుతారు. నిఘంటువు రాసేవాళ్లు వెతకవలసిన చోటు ఇదే.

అందుకే తోటి ఉపాధ్యాయులకు ఒక మనవి. అర్థవిపరిణామం పాఠం వచ్చినప్పుడు నల్లబల్ల మీద కంపు, కైంకర్యం పక్కన సోదిని కూడా రాయండి. ఎవరి నోట ఏ అర్థం వచ్చిందో పిల్లలతోనే చెప్పించండి. ఇంటికెళ్లి అవ్వనో తాతనో అడిగి మూడు మాటలు రాసుకు రమ్మనండి. పీతల పేర్లు కావచ్చు, వలల పేర్లు కావచ్చు, బుట్టల అల్లిక పేర్లు కావచ్చు. యువకులారా, మీరు రాసేటప్పుడు మన మాటల్ని ఎదుటివాళ్ల అర్థంతో వాడకండి.

ఇక్కడ కృష్ణ సముద్రంలో కలిసే చోట మునిగి కాకి హంస అయిందని ఊరి పేరుకు కథ చెబుతారు. పిల్లలకు ఆ కథ మేమూ చెబుతాం. చెప్పి, కాకి కాకిగా ఉంటే తప్పేమిటని అడుగుతాం. ఈసారి అలా అడిగితే ముందుగా చెయ్యెత్తింది ఆ రెండో వరస పిల్లే.