గడ్డపార దిగినంత లోతు

బీన్స్ కాపు తగ్గిందంటే పావగడ వైపు ముందు విత్తనాన్ని తిడతారు, తర్వాత బోరుని. నేల మాట ఎవరూ ఎత్తరు. నేను ఎవరి తోటకెళ్లినా మొదట గడ్డపార తెమ్మంటాను. కాయలు చూపించాలని ముచ్చటపడేవాళ్లకి ఇది చిరాకే.

మాది ఎర్ర గరుసు నేల. పుట్టిందే వేరుశనగకన్నట్టు ఉంటుంది. వానని నమ్మలేకే తిరుమణి చుట్టుపక్కల రైతులు 13,000 ఎకరాల దాకా సోలార్ పార్కుకి కౌలుకిచ్చేశారు. బోరులో నీళ్లున్నవాళ్లు టమాటా, బీన్స్ పెడుతున్నారు.

ఇలాంటి నేల మీటరు లోతులో పైరుకి అందేలా పట్టుకునే నీళ్లు సుమారు 100 మిల్లీమీటర్లు. నల్లరేగడి దాదాపు రెట్టింపు పట్టుకుంటుంది. బీన్స్ ఎక్కువగా తాగేది పై అడుగు మట్టిలోనే కాబట్టి దానికి దక్కేవి 30. అందులో సగం తీరేసరికే మొక్క సొమ్మసిల్లుతుంది. ఎండాకాలం రోజుకి 5 మిల్లీమీటర్లు లాగే పైరుకి ఆ సగం మూడు రోజులొస్తుంది. ఎకరాకి 60 వేల లీటర్లన్నమాట. కరెంటు ఉంది కదా అని రాత్రంతా పారించి వారం దాకా అటు చూడకపోతే, ఎక్కువైన నీళ్లు వేరు దాటి దిగిపోతాయి, వేసిన యూరియాని వెంటబెట్టుకుని. నాలుగైదు రోజులకే పూత రాలుతుంది. అవే నీళ్లు డ్రిప్పులో రోజు విడిచి రోజు ఇస్తే పూత నిలబడుతుంది. ఇంకో వంద అడుగులు బోరు దింపాలనే ఆలోచన నాకు అందుకే మింగుడుపడదు.

ఎర్రమట్టికి ఇంకో గుణముంది. విత్తాక జల్లు పడి వెంటనే ఎండ కాస్తే పైన పెచ్చు కడుతుంది. కంది పప్పుబద్దలని లోపలే వదిలేసి సన్నటి మొలకతో సందు వెతుక్కుంటుంది. బీన్స్ వాటిని నెత్తిన పెట్టుకుని మెడ వంచి లేవాలి; పెచ్చు కింద ఆ మెడ విరుగుతుంది. పలచగా ఒక తడి ఇచ్చి పెచ్చుని నాననివ్వాలి.

ఇక గడ్డపార సంగతి. చాలా తోటల్లో జానెడు దిగగానే ఠంగుమంటుంది. ఏటా రొటవేటరు ఒకే లోతున తిరిగి, ట్రాక్టరు బరువుకి అణిగి, అడుగున గట్టి పొర పడింది. ఘన సెంటీమీటరు మట్టి 1.7 గ్రాములు దాటి తూగితే వేరు కిందికి పోలేక అడ్డంగా పాకుతుంది. అప్పుడు నేను చెప్పిన అడుగు కాస్తా ముప్పావు అడుగవుతుంది, మూడు రోజులు రెండవుతాయి. నేల ఆరినప్పుడు లోతు దుక్కి ఒకసారి దున్నిస్తే ఆ పొర పగులుతుంది. పదునుమీద దున్నితే ఇంకా అణుగుతుంది.

పెద్దవాళ్లు ఎండాకాలంలో చెరువు మట్టి తోలేవాళ్లు. గరుసు నేలకి బంక, తేమ రెండూ ఇచ్చే మందు అది. దిబ్బెరువుతో కలిపి చల్లితే మరీ మంచిది. కాకపోతే చౌడు చెరువుల మట్టి తోలకండి. ఉప్పుకి బీన్స్ అంత త్వరగా దెబ్బతినే కూరగాయలు తక్కువ. ముందు పిడికెడు మట్టిని పరీక్షకి పంపి, తర్వాతే ట్రాక్టరు మాట్లాడుకోండి.