మూడు చుక్కల సంతకం

2023 ఏప్రిల్‌లో ఫిలిప్పీన్స్ వోగ్ పత్రిక తన అట్ట మీద 106 ఏళ్ల ఆదివాసీ అవ్వ బొమ్మ వేసింది. ఆమె పేరు వాంగ్-ఓద్. ఊరు కళింగ కొండల్లోని బుస్కలన్. (పేరు చూసి మన కళింగ అనుకోవద్దు.) అవ్వ ముఖాన్ని లోకమంతా మెచ్చుకుంది. నాకు మాత్రం ఆ ముఖం కన్నా ఆమె చేతిపని మీద మాట్లాడాలని ఉంది.

ఆమె పచ్చబొట్లు పొడుస్తుంది. మిషన్ లేదు. వెదురు పుల్ల కొసకు పంపరపనస ముల్లు గుచ్చి, మసిని నీళ్లలో కలిపి అద్ది, ఇంకో కర్రతో టకటకా కొడుతుంది. చిన్న వయసులోనే తండ్రి దగ్గర నేర్చుకుంది. ఆ బొమ్మలన్నీ వాళ్ల అడవిలోవే: జెర్రి, కొండచిలువ పొలుసులు, ఫెర్న్ ఆకు. జెర్రి యోధుణ్ణి కాపాడుతుందని నమ్మకం. ఒకప్పుడు మగవాళ్లు శత్రువు తల తెస్తేనే ఒంటి మీద బొట్టుకు అర్హులు. ఆడవాళ్లకు అది అందం. అమెరికా పాలన తలల వేటను ఆపించాక అలాంటి యోధులు లేకుండా పోయారు. ఇప్పుడు ఆ కొండెక్కి వచ్చేది ఎక్కువగా టూరిస్టులే.

అసలు విమర్శ ఇక్కడ మొదలవుతుంది. ఆ ఊళ్లో బొమ్మలన్నీ ఒక పలక మీద గీసి పెడతారు, వచ్చినవాళ్లు వేలు పెట్టి చూపిస్తారు. హోటల్లో టిఫిన్ ఎంచుకున్నట్టే. ప్రాణానికి తెగించి సంపాదించిన గుర్తు డబ్బుతో దొరుకుతోంది. ఊరికి తిండి పెడుతున్న పనిని తప్పు పట్టను. కానీ ఆ పలక నాకు నచ్చలేదు. వయసు మీద పడ్డాక అవ్వ టూరిస్టులకు తన సంతకంగా మూడు చుక్కలే పెడుతోంది. ఆమె పనిలో నాకు బాగా నచ్చింది అదే. పెద్ద జెర్రి కన్నా ఆ చుక్కల్లో నిజాయితీ ఉంది. 'నువ్వు నా దగ్గరికి వచ్చావు' అని మాత్రమే అవి చెబుతాయి, 'నువ్వు మా యోధుడివి' అని అబద్ధం చెప్పవు.

సొంత రక్తం కానివాళ్లు పొడిస్తే పుండు చీము పడుతుందని వాళ్ల నమ్మకం. అవ్వకు పిల్లలు లేరు. అందుకే తోబుట్టువుల మనవరాళ్లకు నేర్పింది. మూఢనమ్మకం అని మన టీచర్లు కొట్టిపారేయవచ్చు. ఆ కట్టుబాటే విద్యను బయటివాళ్ల చేతుల్లో పడకుండా కాచింది. చాలా ఏళ్లు దాన్ని ఒక్క ముసలి ప్రాణం మీద నిలబెట్టింది కూడా అదే.

మన ఆదిలాబాద్‌లో గోండు ఆడవాళ్లకు పచ్చబొట్లు పొడిచినవాళ్లు తోటి తెగ స్త్రీలు. వాళ్ల మగవాళ్లు కిక్రి వాయిస్తూ మన దేవతల కథలు పాడితే, వీళ్లు ఒంటి మీద గుర్తులు వేశారు. పాటగాళ్ల మీద పుస్తకాలు, సన్మానాలు వచ్చాయి. సూది పట్టిన స్త్రీ గురించి మన సాహిత్యంలో నాలుగు వాక్యాలు వెతుక్కోవాలి. జాతరలో మిషన్ పెట్టుకున్నవాడు మన పిల్లల చేతుల మీద తేలు, లవ్ గుర్తు వేస్తున్నాడు. అమ్మమ్మ నుదుటి చుక్కలు చూసి సిగ్గుపడే పిల్లే వాడి ముందు వరుసలో నిలబడుతోంది.

డ్రాయింగ్ పీరియడ్‌లో మామిడికాయ బొమ్మ ఎన్నిసార్లు వేయిస్తాం? ఒకసారి ఇంట్లో ముసలమ్మ చేతి మీద ఉన్నది ఉన్నట్టు గీసుకురమ్మనండి. ఆ గుర్తును ఆమె ఏమంటుందో, ఎవరు పొడిచారో, అప్పుడు కూలిగా ఏమిచ్చారో పక్కనే రాయమనండి.